డ్రెస్డెన్ కబుర్లు, పెరంబూరు పుస్తకం: ఒక పని డైరీ

జూన్: విని రాయడం

మా తమ్ముడు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మాస్టర్స్ చదువుతున్నాడు. నిరుడు అక్టోబరులో తరగతులు మొదలైనప్పటి నుంచి, ఆ రోజు తన కంటబడిన ఒక విషయాన్ని రాత్రి పడుకోబోయే ముందు వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా పంపుతున్నాడు. రెండు నిమిషాలకు మించని ఆ కబుర్లకు మా ఇంట్లో నవ్వని రోజు లేదు. అయితే అందరికంటే ఎక్కువగా నవ్వగల మా అవ్వకు వినికిడి తగ్గింది. కళ్ళజోడు పెట్టుకుంటే మాత్రం పెద్ద అక్షరాలను ఇప్పటికీ ధారాళంగా చదువుతుంది. ఆమె కోసం, మా పెరంబూరు అపార్టుమెంటులోని తెలుగు కుటుంబాల కోసం, ఆ కబుర్లను కాగితం మీదికి దించి, పెద్ద అక్షరాలతో అచ్చు తీయించి, నా చేతులతో కుట్టి పుస్తకం చేయాలన్నది ఈ పని. పని సాగిన తీరును ఇక్కడ నెలల వారీగా రాసి పెట్టుకుంటున్నాను.

వాట్సాప్‌లో గొంతును వేగంగా వినే సదుపాయం ఉంది గాని నెమ్మదిగా వినే సదుపాయం లేదు. అందుచేత మెసేజిలన్నిటినీ కంప్యూటరులోకి దించి, వీఎల్‌సీ ప్లేయరులో వేగం తగ్గించి వింటూ టైపు చేస్తున్నాను. మాటలను దానంతట అదే అక్షరాలుగా మార్చే ఫోను సదుపాయం మామూలు వాక్యాలకు బాగానే పనిచేస్తుంది, కాని ఒకే వాక్యంలో నాయుడుపేట తెలుగు, చెన్నై అరవం, జర్మన్ వీధుల పేర్లు కలిసి వచ్చినప్పుడు అది చేతులెత్తేస్తుంది. చేత్తో టైపు చేయడం వల్ల ఒక మేలు కూడా ఉంది. వాడు ఎక్కడ ఆగి నవ్వాడో, ఎక్కడ గొంతు తగ్గించాడో నా చెవికి పడుతుంది, ఆ చోట పేరా విరగ్గొట్టవచ్చు.

ఈ నెల రాసినవి డిసెంబరు కబుర్లు. బయట రోహిణీ కార్తె ఎండ మండిపోతుండగా, మధ్యాహ్నం నాలుగింటికే పొద్దు గూకి వీధి దీపాలు వెలిగే ఊరి సంగతులు రాయడం వల్ల వాటిలోని వింత నాకు రెట్టింపుగా తెలిసింది. డ్రెస్డెన్ 51 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, చెన్నై 13 డిగ్రీల మీద. మనకు డిసెంబరులో కూడా ఐదూముప్పావు దాకా వెలుతురు ఉంటుంది. అక్కడ నాలుగింటికల్లా సూర్యుడు అస్తమిస్తాడు. మొదటి చలికాలంలో వాడు లైబ్రరీ నుంచి చీకట్లో బయటికి వచ్చి, రాత్రి భోజనం వేళ దాటిపోయిందనుకుని గబగబా గదికి వెళ్ళి, అన్నం వండుకుని తిని, అంట్లు తోమి, పక్క వేసుకుని గడియారం చూస్తే ఆరున్నర అయిందట. ఈ కబురును ఉన్నదున్నట్టుగా ఉంచాను. అక్షాంశం సంగతి ఒక్క వాక్యంలో ముందు చెప్పి, ఆ తరువాత వాడి మాటలకు నేను ఒక్క అక్షరం కూడా చేర్చలేదు.

జూలై: ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి

రాసినవన్నీ వరుసగా చదివితే ఒక తేడా స్పష్టంగా కనబడింది. కొన్ని కబుర్లు ఎన్నిసార్లు చదివినా నవ్విస్తాయి, కొన్ని రెండోసారికే చప్పబడతాయి. చప్పబడేవి చాలావరకు మనుషుల రూపురేఖల మీదనో ఉచ్చారణ మీదనో చెప్పినవి. నిలిచేవన్నీ ఒక పద్ధతి గురించినవి, అంటే అక్కడ ఒక పని ఎలా జరుగుతుందో పూర్తిగా తెలుసుకుని, ఆ పనిలో మన పిల్లవాడు ఏ మలుపులో తికమక పడ్డాడో చెప్పినవి. పద్ధతిని సగం చెబితే వినేవారికి అది ఎగతాళిగా తోస్తుంది. పూర్తిగా చెబితే అందులోని తర్కం అర్థమై, ఆ తర్కానికీ మన అలవాటుకూ మధ్య ఉన్న దూరం నవ్వు తెప్పిస్తుంది. ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకుని, మొదటి రకం కబుర్లన్నిటినీ పక్కన పెట్టాను. తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు.

సూత్రం సరిపోయిందో లేదో చూడడానికి సీసాల కబురు మంచి ఉదాహరణ. జర్మనీలో నీళ్ళ సీసా, కూల్‌డ్రింకు డబ్బా కొన్నప్పుడు సరుకు ధరతో పాటు సీసాకు డిపాజిట్ కూడా తీసుకుంటారు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు, కడిగి మళ్ళీ నింపే సీసాల్లో మామూలు బీరు సీసాకు 8 సెంట్లు, నీళ్ళ సీసాకు 15 సెంట్లు. ఒక్కసారి వాడే సీసాల మీద ఈ డిపాజిట్ 2003లో తప్పనిసరి అయింది. ఖాళీ సీసాలను సూపర్ మార్కెట్లోని యంత్రం నోట్లో పెడితే అది సీసాను తిప్పి, లేబులు చదివి, లోపలికి లాక్కుని, చివర ఒక చీటీ ఇస్తుంది. ఆ చీటీ కౌంటరులో చూపిస్తే డబ్బు వస్తుంది. నలిగిన సీసాను, లేబులు చిరిగిన సీసాను యంత్రం వెనక్కి తోసేస్తుంది.

ఇంత చెప్పిన తరువాతనే తమ్ముడి కబురు మొదలవుతుంది. చెన్నైలో నీళ్ళ సీసా తాగడం అయిపోగానే దాన్ని నలిపి పారేయాలని చిన్నప్పటి నుంచి మా నాన్న నేర్పారు, ఎందుకంటే నలపని సీసాను ఎవరైనా మళ్ళీ నింపి అమ్ముతారేమోనని భయం. ఆ క్రమశిక్షణ కలిగిన పిల్లవాడు వారం పాటు సీసాలన్నిటినీ శ్రద్ధగా నలిపి, సంచి నిండా పట్టుకుని యంత్రం ముందు నిలబడ్డాడు. యంత్రం ఒక్కొక్క దాన్నీ మర్యాదగా వెనక్కి ఇచ్చింది. వెనక వరుసలో నిలబడిన ముసలాయన సంచి అందుకుని, ఒక్కొక్క సీసా మూతి నోటికి పెట్టుకుని గాలి ఊది, ఉబ్బించి, లేబులును అరచేత్తో సాపు చేసి ఇచ్చాడట. ఆయన ఊదుతున్నాడు, వీడు యంత్రంలో పెడుతున్నాడు, వరుసలో ఒక్కరూ విసుక్కోలేదు. అన్నిటినీ ఊదడం పూర్తయ్యాక ఆయన వీడికి చెప్పినది ఒక్కటే: "ఇకమీదట నలపకు."

యంత్రం పనిచేసే తీరు చెప్పకుండా ఈ కబురు చదివించి చూశాను, ఒక్కరూ నవ్వలేదు. ఆ పేరా చేర్చి చదివిస్తే, అవ్వ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

ఆగస్టు: వరుస

పుస్తకాన్ని విషయాల వారీగా విడదీయాలా, తేదీల వారీగా ఉంచాలా అన్న దాని మీద కొంతకాలం ఆలోచించాను. తిండి, చదువు, ప్రయాణం అని భాగాలు చేస్తే వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది. కాని ఈ విషయంలో మన పట్టణమే నాకు దారి చూపింది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831లో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, దారిలో చూసినవన్నీ మజిలీ మజిలీకీ రాసి మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపాడు. ఆ మిత్రుడు వాటిని కూర్చి 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించాడు. దూరాన ఉన్నవాడు రోజువారీ చూసింది పంపడం, మద్రాసులో ఉన్నవారు దాన్ని పుస్తకం చేయడం అన్న పనికి ఇంతకంటే పెద్ద ఒరవడి తెలుగులో నాకు దొరకదు. రోజుల వరుస ఉంటేనే చూసేవాడి కన్ను క్రమంగా అలవాటు పడడం చదివేవారికి తెలుస్తుంది. అక్టోబరులో సీసాలు నలిపిన పిల్లవాడే మార్చిలో కొత్తగా వచ్చిన మరొక తెలుగు కుర్రవాడికి సీసా ఎలా పట్టుకోవాలో చూపిస్తాడు. విషయాల వారీగా పెడితే ఆ రెండు కబుర్లూ పక్కపక్కన పడి రెండో దానిలోని సంతోషం పోతుంది. కనుక తేదీల వరుసే ఖాయం చేశాను.

సెప్టెంబరు: చదివి వినిపించడం

ఆదివారం సాయంత్రాలు మా అపార్టుమెంటు మేడ మీద చిత్తుప్రతిని చదివి వినిపిస్తున్నాను. వచ్చేవారిలో గృహిణులు, పిల్లలు, ఇక్కడి రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. అవ్వ తన ప్రతిని ఒళ్ళో పెట్టుకుని నాకంటే రెండు వాక్యాలు ముందే చదివేస్తుంది, కాబట్టి అందరికంటే ముందు నవ్వేది ఆమే. నవ్వు వచ్చిన చోట పెన్సిలుతో గీత, అర్థం కాలేదని ఎవరైనా ఆపిన చోట చుక్క పెట్టుకుంటున్నాను. ఈ గుర్తులు నా ఊహలన్నిటికంటే నమ్మకమైనవి.

మార్కుల కబురు దగ్గర ఈ పద్ధతి విలువ బాగా తెలిసింది. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో 1.0 అన్నింటికంటే మంచి మార్కు, 4.0 వస్తే పాస్, 5.0 అంటే ఫెయిల్. తమ్ముడు ఈ లెక్క ముందే వివరించి, తరువాత తనకు 1.3 వచ్చిందని చెప్పి, ఆపైన అమ్మ కంగారును వర్ణించాడు. చదివి వినిపిస్తే ఒక్క నవ్వు గీత కూడా పడలేదు. లెక్క ముందే తెలిసిపోవడం వల్ల అమ్మ కంగారు విన్నవారికి అనవసరంగా తోచింది. మిగతా కబుర్లలో పద్ధతి ముందు చెప్పవలసి వచ్చింది గాని, ఇక్కడ మాత్రం వినేవారు అమ్మతో పాటు కంగారు పడాలి. తమ్ముడి అనుమతితో క్రమం మార్చాను. ఇప్పుడు ముందు ఫోను మోగుతుంది. "అమ్మా, మార్కులొచ్చాయి, ఒకటి పాయింట్ మూడు," అని వాడు ఉత్సాహంగా అంటాడు. అమ్మ కాసేపు మాట్లాడదు. "పదికా?" అని అడుగుతుంది. "కాదు, ఐదుకి," అంటాడు. అమ్మ నెమ్మదిగా, "పోన్లే నాయనా, ఒంట్లో బాగుందా, సరిగ్గా తింటున్నావా?" అంటుంది. ఆ తరువాత వాడు తనకంటే తక్కువ చదివే స్నేహితుడికి 3.7 వచ్చిందని చెబుతాడు, "చూశావా, ఆ పిల్లవాడు ఎంత కష్టపడ్డాడో!" అని అమ్మ అంటుంది. లెక్క వివరించే వాక్యం అన్నిటికంటే చివర వస్తుంది. ఈ వరుసలో చదివినప్పుడు మేడ మీద ఉన్నవారంతా పగలబడి నవ్వారు, అమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. ఒక పక్కింటావిడ మాత్రం చాలా సేపటికి, "అయితే ఆ మూడు పాయింట్ ఏడు పిల్లవాడి సంగతి?" అని జాలిగా అడిగింది. అతడు పాసయ్యాడని చెప్పి ఊరడించాను.

తరగతి గది కబుర్లకు కూడా మంచి గుర్తులు పడ్డాయి. టైమ్‌టేబుల్లో పది గంటల పక్కన సి.టి. అని రెండు అక్షరాలుంటే పాఠం పదింబావుకు మొదలవుతుంది, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా పదింటికి. విద్యాలయాల పావుగంట అని దానికి శతాబ్దాల ఆచారం ఉంది. జర్మన్లు నిమిషం తప్పరని విని వెళ్ళిన తమ్ముడు మొదటి రోజు పది నిమిషాలు ముందే వెళ్ళి, ఖాళీ హాలులో కూర్చుని, తప్పు గదికి వచ్చానని లేచిపోబోయే సమయానికి అందరూ ఒక్కసారిగా వచ్చారట. పదింబావు కాగానే ప్రొఫెసరు పాఠం ఎత్తుకున్నాడు, అంటే ఆలస్యం కూడా నిమిషం తప్పకుండా జరిగింది. పాఠం పూర్తయ్యాక విద్యార్థులంతా పిడికిళ్ళతో బల్లల మీద దబదబా కొట్టారు. మన బడిలో ఆ పని చేస్తే బయట నిలబెడతారు కాబట్టి వీడు బెదిరిపోయాడు గాని, అక్కడ అది చప్పట్లకు బదులు. మన పార్లమెంటులో సభ్యులు బల్లలు చరచడం టీవీలో చూసిన ఐసీఎఫ్ పెద్దాయన, ఆ ఆచారం తనకు ముందే తెలిసినదేనని చెప్పి పిల్లలను నవ్వించారు.

ఈ పెద్దాయనకు రైళ్ళ కబుర్లంటే ప్రాణం. జర్మనీలో దూరప్రయాణం టిక్కెట్టు కొన్నంత మాత్రాన సీటు రాదు, సీటు రిజర్వేషనుకు మామూలుగా వేరే రుసుము కట్టాలి. రిజర్వు చేసుకున్నవారు పావుగంట లోపు వచ్చి కూర్చోకపోతే ఆ సీటులో వేరొకరు కూర్చోవచ్చు. తమ్ముడు కొత్తలో ఒక సీటు పక్కన నిలబడి గడియారం చూస్తూ పావుగంట కాచుకున్నాడు. సీటు గలాయన పద్నాలుగో నిమిషంలో కాఫీ కప్పుతో చిరునవ్వు నవ్వుతూ వచ్చాడు. పెద్దాయన ఈ కబురును మళ్ళీ చదివించుకుని, చార్టు ఎవరి దగ్గర ఉంటుంది, టీటీఈ ఏం చేస్తాడు అని వరుసగా ప్రశ్నలు వేశారు. వాటిని తమ్ముడికి పంపాను.

అక్టోబరు: ఆదివారం, ఆవకాయ, గడియారం

మొత్తం పుస్తకంలో నాకు అత్యంత ఇష్టమైనది ఆవకాయ సీసా కబురు. కాబట్టి దాన్ని సరిదిద్దడానికి ఎక్కువ సమయం తీసుకున్నాను. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. ఇది ఆచారం మాత్రమే కాదు. ఆదివారాన్నీ ప్రభుత్వ సెలవుదినాలనూ విశ్రాంతి దినాలుగా కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం చెప్పింది, 1949 నాటి ప్రస్తుత రాజ్యాంగం 140వ అధికరణం ద్వారా దాన్ని అలాగే నిలబెట్టుకుంది. ఆదివారం గోడకు మేకు కొట్టరు, డ్రిల్లింగు చేయరు. గాజు సీసాలు పారేయడానికి వీధిలో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు గాజులకు వేరువేరు తొట్లుంటాయి. గాజు పగిలే చప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కనుక ఆదివారం వాటిలో సీసాలు వేయకూడదు.

అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ సీసా ఒక ఆదివారం నాటికి అయిపోయింది. దాన్ని మూడు నీళ్ళు కడిగినా వాసన పోలేదు. ఆ వాసన ముగ్గురు ఉండే ఫ్లాటు అంతా నిండిపోవడంతో వాడు సీసా పట్టుకుని వీధిలోకి దిగాడు. తెల్ల గాజు తొట్టి దగ్గర చెయ్యి ఎత్తాడో లేదో, ఎదురింటి మొదటి అంతస్తులో కిటికీ తెరుచుకుని ఒక ముసలమ్మ తొట్టి మీది బోర్డు వైపు వేలు చూపించింది. వాడు క్షమించమని చెప్పి సీసాతో తిరిగి వచ్చాడు. సోమవారం ఉదయం వెళ్ళి తొట్టిలో వేయగానే అదే కిటికీ తెరుచుకుంది. ఈసారి ఆవిడ చెయ్యి ఊపి, దాంట్లో ఏముండేదని అడిగింది. మామిడికాయ అని చెప్పాడు. ఇంత ఎర్రటి మామిడికాయ ఎక్కడ కాస్తుందని ఆవిడ మళ్ళీ అడిగింది. అప్పటి నుంచి ఆమె ఇతనికి పరిచయస్తురాలు. సంక్రాంతికి వాడు ఇచ్చిన కొత్త సీసాలోంచి చెంచాడు ఆవకాయ తీసి రొట్టె మీద వెన్నతో పాటు రాసుకుని తిన్నదట. ఈ ముక్క చదవగానే మేడ మీద ఆడవాళ్ళంతా వెన్నా ఆవకాయా సరైన జోడీయేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. రొట్టె మీదనే అభిప్రాయభేదం మిగిలింది.

ఈ నెలాఖరు ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. దానివల్ల మనకూ వాళ్ళకూ మధ్య తేడా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు. రాత్రి తొమ్మిదింటికి అవ్వ వీడియో కాల్ చేయించినప్పుడు ముందు వారం వాడికి సాయంత్రం ఐదున్నర, ఈ వారం నాలుగున్నర. అమ్మ కాగితం మీద రాసి చూపించాక అవ్వ, "ఏందబ్బయా, నిన్నటి దాకా ఉన్న గంట ఏమైంది? ఎవరన్నా తిరిగి ఇస్తారా?" అని అడిగింది. మార్చిలో ఇస్తారని ఒకరు, కాదు, ఇచ్చింది ఇప్పుడే, మార్చిలో తీసుకుంటారని ఒకరు వాదించుకోవడం ఇంట్లో వారం పాటు సాగింది. తమ్ముడు పంపిన సమాధానాన్ని అవ్వ ప్రశ్న కిందనే వేశాను. "ఇచ్చారవ్వా. నేను దాన్ని నిద్రపోయి ఖర్చు పెట్టేశాను."

రోడ్డు దాటేవారికి వెలిగే నడిచే మనిషి దీపాల సంగతికి ఒక బొమ్మ అవసరమైంది. తూర్పు జర్మనీలో 1961లో కార్ల్ పెగ్లావ్ రూపొందించిన టోపీ మనిషి బొమ్మ డ్రెస్డెన్ సిగ్నళ్ళలో ఇప్పటికీ ఉంది. కొన్ని కూడళ్ళలో అతనికి బదులు రెండు జడలు వేసుకున్న అమ్మాయి బొమ్మ వెలుగుతుంది. అర్ధరాత్రి వీధిలో ఒక్క కారు లేకపోయినా ఎర్ర బొమ్మ ముందు నిలబడిన మనుషుల గురించి తమ్ముడు చెప్పిన కబురుకు ఆ జడల పిల్లను పక్కింటి ఎనిమిదో తరగతి అమ్మాయి చేత వేయించాను. జడలకు రిబ్బన్లు చేర్చింది. నిజం బొమ్మలో లేవని తెలిసీ అలాగే ఉంచాను, ఎందుకంటే అవ్వ అవి చూసి ముచ్చటపడింది.

నవంబరు: అచ్చు, కాగితం, కుట్టు

అక్షరాలకు మండలి ఫాంటు తీసుకున్నాను. పద్దెనిమిది పాయింట్ల పరిమాణానికి పంక్తుల మధ్య దూరం ఇరవై ఏడు పాయింట్లు పెట్టవలసి వచ్చింది. ఇంగ్లీషు పుస్తకాలకు చాలే దూరం తెలుగుకు చాలదు, పై పంక్తిలోని వత్తులు కింది పంక్తిలోని గుడి దీర్ఘాలను తాకుతాయి. జిరాక్స్ కొట్లలో తెలుగు ఫాంట్లు ఉండవు కాబట్టి ఫాంటును లోపలే పొదిగిన పీడీఎఫ్ ఇచ్చాను. పదహారు పేజీలు ఒక ఫారం అయ్యేలా పేజీల వరుసను ముందే అమర్చుకున్నాను.

కాగితం కోసం చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధికి వెళ్ళాను. చెన్నైలో కాగితం పని చేసేవారికి ఆ వీధి తెలియకుండా ఉండదు. పెళ్ళిపత్రికల కొట్ల మధ్య రీములు రీములుగా కాగితం అమ్ముతారు. కొద్దిగా పసుపు చాయ ఉన్న 80 జీఎస్‌ఎం మ్యాప్‌లితో అనే అచ్చు కాగితం ఎంచుకున్నాను, దాని మీద ముసలి కళ్ళకు మెరుపు కొట్టదు. ఇక్కడ చూడవలసిన ముఖ్య విషయం కాగితంలో నార సాగిన దిక్కు. నార పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉంటే పేజీలు మెత్తగా తెరుచుకుని వాలిపోతాయి, అడ్డంగా ఉంటే నిక్కబొడుచుకుని నిలబడతాయి. మామూలు ఏ4 కాగితంలో నార సాధారణంగా పొడుగు వైపు ఉంటుంది కనుక, దాన్ని సగానికి మడిస్తే నార వెన్నుకు అడ్డం పడుతుంది. అందుకని పెద్ద షీట్లు కొని, చిన్న ముక్కను తడిపి అది ఏ వైపు చుట్టుకుంటుందో చూసి, నార సరైన దిక్కుకు వచ్చేలా అక్కడే మిషను మీద కోయించాను. కొట్టతను ఆ తడి ముక్కను చూసి, ఇలా అడిగి కోయించుకునేవారు అరుదని చెప్పి, కోత కూలి తీసుకోలేదు.

కుట్టడానికి మైనం పట్టించిన నూలు దారం, దబ్బనం చాలు. నాలుగు కాగితాలను కలిపి మడిచి, మడత మీద సమాన దూరాల్లో బెజ్జాలు పొడిచి, ఫారం తరువాత ఫారాన్ని కుట్టుకుంటూ, చివరి బెజ్జం దగ్గర కింది ఫారంతో ముడి వేయాలి. దారాన్ని ఎప్పుడూ వెన్ను వెంబడే లాగాలి. ఎదురుగా లాగితే కాగితం చిరుగుతుంది.

జిగురు మైదాతో కాచాను. అందులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. పాత బైండర్లు చేసేది ఇదే. అది విషం కనుక ఆ గిన్నె, ఆ గరిటె వంటింటి దరిదాపులకు రాకుండా మేడ మీద విడిగా పెట్టాను. ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిన నెలలో జిగురు ఆరడం అన్నిటికంటే కష్టమైన పని. ఫ్యాను కింద పెడితే అట్ట ఒక వైపు ముందు ఆరి వంకర పోతుంది. కాబట్టి జిగురు అంటిన చోట మైనపు కాగితం, దాని మీద అద్దుడు కాగితం పెట్టి, రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఇరికించి, మీద రుబ్బురోటి పొత్రం బరువు పెట్టి, అద్దుడు కాగితాలను పూటపూటకూ మారుస్తూ వచ్చాను. అట్ట మీదికి అవ్వ వెంకటగిరి నూలు చీరల్లో చిరుగు పట్టిన ఒకదాన్ని తీసుకున్నాను. బట్ట వెనక పలుచని కాగితం ముందే అంటించి ఆరబెడితే జిగురు పైకి ఊరి మరకలు పడదు. చీర అంచు పుస్తకం వెన్ను మీద నిలువుగా వచ్చేలా కోశాను.

వెనక అట్ట లోపల ఒక చిన్న జేబు అంటించి, అందులో తమ్ముడు పోస్టులో పంపిన సీసాల యంత్రం చీటీ పెట్టాలనుకున్నాను. అది వేడికి నల్లబడే థర్మల్ కాగితం. చెన్నై ఎండలో ఏడాది తిరిగేసరికి అక్షరాలు వెలిసిపోతాయి, ల్యామినేషను వేడి తగిలితే మొత్తం నల్లబడుతుంది. అందుచేత దాన్ని మ్యాప్‌లితో మీద జిరాక్స్ తీసి, ఆ నకలునే జేబులో పెట్టాను.

డిసెంబరు: చేరినవి

అక్టోబరు నుంచి మార్చి వరకు కబుర్లున్న మొదటి సంపుటి పూర్తయింది. ఒక ప్రతి డ్రెస్డెన్‌కు పంపాను. అక్కడ చాలా అపార్టుమెంట్లకు ఫ్లాటు నంబరు ఉండదు, పోస్టుపెట్టె మీద రాసిన ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తారు. మా ఇంటిపేరుతో మా తాతను పిలిచినవారు ఇప్పుడు ఊళ్ళో కూడా ఎక్కువమంది లేరు. డ్రెస్డెన్‌లో మాత్రం విశ్వవిద్యాలయం ఆఫీసు మొదలు ఎదురింటి ముసలమ్మ దాకా తమ్ముణ్ణి ఆ పేరుతోనే పిలుస్తారని తెలిసిన అవ్వ, ఆ కబురున్న పేజీ మూల మడిచి పెట్టుకుని వచ్చిన వారందరికీ చూపిస్తోంది. నవ్వించే కబురుగా వాడు పంపినది ఆమె చేతిలో గర్వించే కబురైంది. ఇందులో నేను సరిదిద్దవలసిందేమీ లేదు.

రెండో సంపుటికి ఏప్రిల్ కబుర్లు టైపు చేయడం మొదలుపెట్టాను. బియ్యాన్ని 125 గ్రాముల చిల్లుల సంచిలో పెట్టి సంచితో సహా ఉడికించే పద్ధతి, ఫ్లాటులో ముగ్గురికి టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టే సంగతి అందులో వస్తాయి. ఐసీఎఫ్ పెద్దాయన తన ప్రతిని చదివి తిరిగి ఇస్తూ, సీటు రిజర్వేషను పేజీ అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న రాశారు: ప్రయాణికుడు నడిమి స్టేషనులో ఎక్కవలసినవాడైతే పావుగంట ఎప్పటి నుంచి లెక్క? తమ్ముడు జవాబు పంపాడు. రిజర్వేషను ఏ స్టేషను నుంచి ఉందో ఆ స్టేషనులో బండి కదిలినప్పటి నుంచి. రెండో సంపుటిలో మొదటి పేజీ అదే, పెద్దాయన ప్రశ్నతో సహా.